చర్చ: చెన్నై సీటా, కన్వీనర్ సీటా?

కోవూరు నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. చెన్నైలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు కంప్యూటర్ సైన్స్ సీటు ఇస్తామని, వారంలోగా మొదటి విడత ఫీజు కట్టమని అంటున్నారు. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు ఇంకా రాలేదు. వచ్చినా ప్రభుత్వ కౌన్సెలింగులో ఇచ్చే కన్వీనర్ సీటు కింద మన వైపు కళాశాలల్లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) దొరికితే గొప్ప. ఆడపిల్లను రాష్ట్రం దాటించడం మంచిదేనా?

ఒంగోలు నుంచి ఒక అధ్యాపకుడు:
అయ్యా, రాష్ట్రం దాటడమనే దిగులు నెల్లూరు వారికి అంతగా అక్కరలేదు. మీకు చెన్నై 175 కిలోమీటర్లు, పినాకిని రైలు ఎక్కితే ఒక్క పూట. మన రాష్ట్రంలోనే ఉన్న విశాఖపట్నం ఆరు వందల కిలోమీటర్ల పైమాట. పైగా కౌన్సెలింగులో మన రాష్ట్రం రెండు ముక్కలు. నెల్లూరు జిల్లా ఎస్వీయూ (తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధిలోకి, మా ప్రకాశం ఏయూ (విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం) పరిధిలోకి వస్తాయి. 85 శాతం సీట్లు ఆ పరిధి స్థానికులకే కనుక, కాకినాడలోనో విశాఖలోనో చేరాలంటే మీ అమ్మాయి మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలి. తిరుపతి, అనంతపురం విషయంలో మా పిల్లల పరిస్థితీ ఇదే. ఇంటర్ రెండేళ్ళు విజయవాడ హాస్టల్లో చదివినంత మాత్రాన స్థానికత మారదు, ఎందుకంటే చివరి ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నదే చూస్తారు.

కాబట్టి తేల్చుకోవలసింది సరిహద్దు కాదు, సీటు రకం. అర్హత ఉన్న కుటుంబానికి కన్వీనర్ సీటైతే ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే ఫీజు భరించడం, ఉంటుంది. చెన్నై ప్రైవేటు సీటుకు నాలుగేళ్ళ ఫీజూ, హాస్టలూ, మెస్సూ మీ చేతి నుంచే పోవాలి. బ్రాంచి పేరు కోసం పొలం తాకట్టు పెట్టడాన్ని నేను సమర్థించలేను.

కావలి నుంచి ఒక తల్లి:
మాస్టారూ, మీరు కాగితం మీది లెక్క చెబుతున్నారు. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైనప్పుడు హాల్‌టికెట్ కోసం కళాశాల కౌంటరు దగ్గర నిలబడి, బంధువుల దగ్గర చేబదులు తెచ్చి కట్టినవాళ్ళం మేము. అదీ మా పెద్దవాడి కన్వీనర్ సీటుకే. చిన్నవాణ్ణి చెన్నై పంపాము. అక్కడ ఐటీ కంపెనీలు చాలా వరకు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదే ఉన్నందువల్ల ఇంటర్న్‌షిప్‌కు ఇంకో ఊరిలో గది వెతకవలసిన పని లేకపోయింది. బయట చదివితే ప్రభుత్వ ఉద్యోగాల్లో లోకల్ (స్థానిక అభ్యర్థి) హోదా పోతుందని మా చుట్టాలు భయపెట్టారు గానీ, దానికి చూసేది పదో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది. ఇంజనీరింగ్ ఎక్కడైతే దానికేమిటి?

ఒంగోలు అధ్యాపకుడు:
లోకల్ సంగతి మీరు చెప్పినదే నిజమమ్మా. అయితే కోవూరు పెద్దమనిషికి తక్షణ సమస్య ఆ వారం గడువు. ర్యాంకు రాకముందే డబ్బు కట్టించుకుంటే కౌన్సెలింగు నాటికి తల్లిదండ్రులు వెనక్కి రాలేరన్నదే ఈ తొందరలోని కిటుకు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో ఇచ్చిన ప్రకటన ప్రకారం విశ్వవిద్యాలయాలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ రుసుము పోను ఫీజంతా వాపసు ఇవ్వాలి, ఆ తర్వాత అది 90, 80, 50 శాతంగా తగ్గుతుంది, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఆ చివరి తేదీ ఏదో రాతపూర్వకంగా అడగండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ జెరాక్సులు మాత్రమే ఇవ్వండి.

కోవూరు తండ్రి:
అడిగానండీ. ఆ విశ్వవిద్యాలయం తరఫున మాట్లాడే ఏజెంటు ఫోనులో చెబుతానన్నాడు గానీ కాగితం మీద ఇవ్వనన్నాడు. ర్యాంకు వచ్చేదాకా కట్టడం లేదు.

కావలి తల్లి:
ఆగండి, తప్పు లేదు. కానీ ఏజెంటును వదిలి విశ్వవిద్యాలయం కార్యాలయానికే నేరుగా వెళ్ళి మాట్లాడండి. ఏజెంటు మాట బాగాలేదని సీటునే వదులుకోవద్దు. ఈసీఈ ఇష్టం లేని పిల్లకు నాలుగేళ్ళు దాన్నే కట్టబెట్టడం కూడా ఖర్చే.