అద్దె ఇంట్లో నల్లులు: మందు కొట్టించే ఖర్చు ఎవరిది?

నిద్రలేని_నాని: బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ముగ్గురం అద్దెకుంటున్నాం. పరుపు కుట్ల వెంబడి నల్ల చుక్కలు, మంచం స్క్రూ బొక్కల్లో నల్లులు. మంచాలు ఇంటితో పాటు ఇచ్చినవే. ఓనర్‌కి చెబితే "మీరే తెచ్చారు, మీరే చూసుకోండి, లేదంటే అడ్వాన్స్‌లో పట్టుకుంటా" అంటున్నాడు. న్యాయమేనా?

కడప_ఎండ: ఖర్చెందుకు బ్రో? పరుపు మిద్దె మీద ఎండలో వెయ్యి. మా జేజి నులకమంచం మీద సలసల కాగే నీళ్లు పోసేది. ఒక్కటి మిగిలేది కాదు.

లక్ష్మి_హెచ్ఎస్ఆర్: వేడికి చస్తాయి, నిజమే. 50 డిగ్రీలు దాటాలి, ఆ వేడి లోపలిదాకా చేరాలి. ఎండకి పరుపు పైన కాలుతుంది, నల్లులు నీడవైపుకి జరుగుతాయి. అదీ బెంగళూరు ఎండకి! ప్లైవుడ్ మంచం మీద నీళ్లు పోస్తే ఉబ్బిపోతుంది. దుప్పట్లు 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. స్ప్రేకి గుడ్లు సరిగా చావవు, వారం పది రోజుల్లో పిల్లలొస్తాయి. రెండు వారాలకి మళ్లీ కొట్టించాల్సిందే.

రెండిళ్ల_ఓనర్: నల్లులు గోడలోంచి పుట్టవమ్మా. సెకండ్ హ్యాండ్ సోఫాలో, రాత్రి బస్సులో పెట్టిన బ్యాగులో వస్తాయి. మా ఇంట్లో ఒక కుర్రాడు ఖాళీ చేశాక మంచాలన్నీ పారేశాను. ఆ డబ్బు ఎవరిచ్చారు నాకు?

నిద్రలేని_నాని: నల్లి రక్తం తాగకుండా నెలల తరబడి బతుకుతుంది సార్. ముందున్నవాళ్లు వదిలేసి పోయి ఉండొచ్చుగా?

రెండిళ్ల_ఓనర్: దిగిన రోజే చూసుకోవాల్సింది.

కడప_ఎండ: ఎండ సంగతి ఎవరూ ఒప్పుకోరేం? ఏప్రిల్‌లో కడపకి తెచ్చి వెయ్యండి, చూద్దాం.

మడివాళ_మధు: గోదాముల్లో ధాన్యానికి పెట్టే మాత్రలు గదిలో పెట్టి తలుపెయ్యండి. తెల్లారేసరికి క్లీన్.

లక్ష్మి_హెచ్ఎస్ఆర్: మధుగారూ, ఆ మాట దయచేసి తీసెయ్యండి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, సందుల్లోంచి పక్కింట్లోకీ పాకుతుంది. దానికి విరుగుడు లేదు. ఇళ్లలో వాడే వస్తువే కాదది.

రెండిళ్ల_ఓనర్: ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. బ్యాచిలర్లకి ఇవ్వొద్దని అందుకే అంటాం.

లక్ష్మి_హెచ్ఎస్ఆర్: శుభ్రతకీ దీనికీ ఏం సంబంధం? అవి ఒంటి వేడికీ, మనం వదిలే గాలికీ వస్తాయి. అద్దంలా తుడిచిన ఇంట్లోనూ మనుషులే కదా పడుకునేది.

నిద్రలేని_నాని: ఇప్పుడొచ్చింది అసలు మాట! ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో నెల అద్దె ఎలాగూ కోస్తారు, ఇంకొంచెం పోతే పోనీ. కానీ మా ఓనర్ బిల్డింగంతా చెప్పాడు, "ఆ కుర్రాళ్ల దగ్గర నల్లులున్నాయి" అని. లిఫ్టులో ఒక ఆంటీ పిల్లాణ్ని వెనక్కి లాక్కుంది. మా గోడకి అవతలి ఫ్లాట్ కూడా చూడమంటే మాత్రం "వాళ్లు ఫ్యామిలీ, బాగోదు" అంటాడు.

లక్ష్మి_హెచ్ఎస్ఆర్: పక్కా, పైనా, కిందా చూడకుండా ఒక్క ఫ్లాట్‌కే కొట్టిస్తే డబ్బు దండగ. పైపుల సందుల్లోంచి మళ్లీ వస్తాయి.

రెండిళ్ల_ఓనర్: ఫ్యామిలీల తలుపు తట్టి నల్లులున్నాయా అని అడిగితే మర్నాడే ఖాళీ చేస్తారు. ఈఎంఐ మీరు కడతారా?

నిద్రలేని_నాని: నేనే వెళ్లి తట్టాను సార్. వాళ్లింట్లోనూ ఉన్నాయట. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదట.

రెండిళ్ల_ఓనర్: అయితే సగం ఖర్చు వాళ్లని అడగండి. ఓనర్‌ని కాదు.