డమ్మీ ముక్క అడిగేటప్పుడు గొణిగితే డైరెక్టర్ ఏం చేయాలి?

ఇస్పేటు_మూడు, చెన్నై:
అడయార్‌లో మా క్లబ్ ఆదివారం బ్రిడ్జ్ పేకాటకి ఈమధ్య నన్నే డైరెక్టర్‌గా (గొడవలొస్తే తీర్పు చెప్పేవాడిగా) కూర్చోబెడుతున్నారు. మొన్న ఒక టేబుల్ దగ్గర పెద్ద పంచాయితీ అయింది. డమ్మీ అంటే తన ముక్కలు టేబుల్ మీద పరిచేసి, పార్ట్‌నర్ అయిన డిక్లేరర్ నోటితో ఏది అడిగితే అది వేసేవాడు. ఆ డమ్మీలో ఇస్పేటు రాజు, పది, నాలుగు ఉన్నాయి. డిక్లేరర్ చేతిలోంచి చిన్న ఇస్పేటు వేశాడు, ఎడమవైపాయన కూడా చిన్నదే వేశాడు, అప్పుడు డిక్లేరర్ ఏదో గొణిగితే డమ్మీ నాలుగు వేసేశాడు, కుడివైపావిడ జాకీతో ట్రిక్ (ఆ నాలుగు ముక్కల పట్టు) పట్టేసింది. "రాజు అన్నాను కదయ్యా!" అని ఈయన. "ఇస్పేటు" ఒక్కటే విన్నామని ప్రత్యర్థులు. నాలుగే ఆడినట్టు అని చెప్పేశాను. ఆయన క్లబ్‌లో అందరికంటే సీనియర్, "నా ఉద్దేశం ఆట వచ్చినవాడికి ఎవడికైనా తెలుస్తుంది" అని ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు. రూలింగ్ కరెక్టేనా?

తురుపుముక్క, బెంగళూరు:
కరెక్టే అనిపిస్తోంది. కాకపోతే ఇక్కడ తేల్చాల్సినవి రెండు, కలిపేస్తే బుర్ర తిరుగుతుంది. నోటితో ఏమన్నాడన్నది మొదటిది. దీనికి బ్రిడ్జ్ రూల్స్ పుస్తకంలో లా 85: దొరికిన సాక్ష్యాల్లో మొగ్గు ఎటుంటే అటు తేల్చడమే. "ఇస్పేటు" అనే అన్నాడని తేలితే అప్పుడు లా 46. రంగు చెప్పి ముక్క చెప్పకపోతే ఆ రంగులో అన్నిటికంటే చిన్నది అడిగినట్టే, మనసులో వేరేది ఉందని తిరుగులేకుండా కనపడితే తప్ప. ఇక్కడ మొగ్గు చాలదండి, తిరుగులేకుండా ఉండాలి. మీ కేసులో రాజు వేయొచ్చు, పదితో ఫినెస్ చేయొచ్చు (పై ముక్క ఎడమవాడి దగ్గరే ఉందనుకుని చిన్నదానితో గెలవాలని చూడటం), నాలుగు వేసి వదిలేయనూ వచ్చు. అంటే తిరుగులేని ఉద్దేశమేం కనపడట్లేదు. అదే డమ్మీలో ఆసు, రాణి రెండే మిగిలి, ఎడమవాడు రాజు వేశాక "ఇస్పేటు" అన్నాడనుకోండి, రాణిని తీసుకెళ్లి రాజు కింద పడేసేవాడెవడు? ఆసు ఇచ్చేస్తాను.

కంబాట్_కుర్రాడు, బెంగళూరు:
నేను బ్రిడ్జ్ ఆడను, మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డ్ గేమ్ ఆడతాను, మాకూ ఇదే తలనొప్పి. 2017లో డబ్లిన్‌లో ప్రో టూర్ అనే పెద్ద టోర్నీలో ఒకాయన "కంబాట్" (దాడి దశకి వెళ్తున్నా) అన్నాడు. అప్పటి షార్ట్‌కట్ (ఒక మాటంటే ఏమేం చేసినట్టో ముందే రాసిపెట్టిన రూల్) ప్రకారం ఆ మాటంటే కంబాట్ మొదట్లో చేయాల్సినవన్నీ దాటిపోయినట్టే, కాబట్టి ఆయన వాడబోయిన ఎఫెక్ట్ పోయిందని జడ్జి తేల్చాడు. ఆన్‌లైన్‌లో ఒకటే రచ్చ. ఆ ఏడాదే షార్ట్‌కట్ మార్చారు, ఇప్పుడు "కంబాట్" అన్నాక కూడా కంబాట్ మొదట్లో వచ్చే ఆ ఎఫెక్ట్‌లు (ట్రిగ్గర్లు) చెప్పుకోవచ్చు. జడ్జి తప్పు చేయలేదు, జనం మాట్లాడే తీరుకి రూలే అడ్డంగా ఉంది. మీ చిన్న ముక్క రూల్ అలాంటిది కాదా?

తురుపుముక్క:
కాదు. ఊరికే "ఇస్పేటు" అంటే చిన్నదనే అన్ని టేబుళ్లలోనూ అనుకుంటారు. ఇక్కడ డమ్మీ చెయ్యి కూడా నాలుగు మీదకే వెళ్లింది కదా.

మైలాపూర్_మావయ్య:
ఆటకి ముందు పాడుకునే బిడ్డింగ్‌కి, నోటితో చెప్పకుండా కార్డు తీసి చూపించే బాక్సులొచ్చాక సగం గొడవలు పోయాయి, డమ్మీ ముక్కకి మాత్రం ఇంకా నోరే దిక్కు. రంగూ ముక్కా రెండూ స్పష్టంగా చెప్పమని లా 46 మొదట్లోనే ఉంది, చదివేవాడెవడు! సీనియారిటీ సంగతి పక్కన పెట్టు బాబూ. డమ్మీని అడిగావా? సొంత పార్ట్‌నరే ఎదురు చెబితే ఇక ఆ మాటకి తిరుగుండదు.

ఇస్పేటు_మూడు:
అడిగాను మావయ్యా. "ఇస్పేటు తర్వాత ఇంకేదో అన్నట్టుంది, వినపడలేదు" అన్నాడు. అందుకే టెన్షన్.

తురుపుముక్క:
అయితే కొంచెం చిక్కే. ప్రత్యర్థులు "అనలేదు" అన్నారా, "వినలేదు" అన్నారా? రెండూ ఒకటి కాదు. ఇంకోటి, ఆయన అరిచింది నాలుగు టేబుల్ మీద పడగానేనా, జాకీ పడ్డాకా?

ఇస్పేటు_మూడు:
వినలేదనే అన్నారు. అరిచింది మాత్రం జాకీ పడ్డాకే. ఆవిడ కాసేపు ఆలోచించి మరీ వేసింది.

తురుపుముక్క:
అంతసేపూ నాలుగు కళ్లముందే ఉంటే నోరు మెదపలేదు కదా. రాజు అని ఉంటే అప్పుడే ఆపేవాడు. నాలుగే. అప్పీల్ అంటారేమో, మీ క్లబ్ వేరే గడువు పెట్టకపోతే స్కోర్లు పెట్టాక అరగంటే, అది ఎప్పుడో దాటిపోయింది.