మడత చాకు స్ప్రింగ్ విరిగింది, వేసేవాళ్లు ఉన్నారా?

కడియం నర్సరీలో అంట్లు కట్టే మడత చాకు. కొని ఏడాది కాలేదు. పోయిన వారం మూస్తుంటే వీపు స్ప్రింగ్ నడిమి రివెట్ దగ్గర టక్కున విరిగింది. ఇప్పుడు బ్లేడు తెరిచినా నిలవదు, మూసినా నిలవదు. జేబులో పెట్టుకోవాలంటే భయం.

ఫొటోలు పంపితే కంపెనీవాళ్లు తేమకి తుప్పు పట్టిందనీ, వారంటీ రాదనీ, స్ప్రింగ్ విడిగా అమ్మబోమనీ అన్నారు. విరిగిన చోట తుప్పే లేదు, లోహం బూడిదరంగులో శుభ్రంగా ఉంది. అయినా గోదావరి పక్కన తేమ లేనిదెక్కడ!

హాక్సా బ్లేడు ముక్క అరగదీసి పెట్టాను, తెరవగానే విరిగింది. మా ఊరి కమ్మరి కొట్టిచ్చిన పట్టీ వంగిపోయి వెనక్కి రావడం లేదు. చాకు బ్లేడు మాత్రం మంచిది, పారేయబుద్ధి కావట్లేదు.

రివెట్లు ఊడదీసి, సరిగ్గా టెంపర్ చేసిన (విరగకుండా, వంగినా వెనక్కొచ్చేలా వేడితో సరిచేసిన) స్ప్రింగ్ వేసిచ్చేవాళ్లు రాజమండ్రి, రావులపాలెం చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా?