అప్‌డేట్: ఛాసిస్ మార్చలేదు, వెల్డింగ్‌తోనే నిలబడింది

మా పాత జీపుకి స్టీరింగ్ బాక్సు బిగించే చోట ఛాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) పగిలింది, వెల్డింగ్ ఆగుతుందా, ఛాసిసే మార్చాలా అని అడిగాను కదా. పని అయిపోయింది.

రాయగడలో లారీ ఛాసిస్‌లు చేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. మీరు చెప్పినట్టే స్టీరింగ్ బాక్సు దించి, బ్యాటరీ వైర్లు తీసి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గ్రైండర్ పట్టించాం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పైకి బెత్తెడే కనిపించిన పగులు బోల్టు రంధ్రం వెనక నుంచి కింది అంచు దాకా పాకేసింది. దాని చివరన చిన్న రంధ్రం వేశారు, లేకపోతే పగులు మళ్లీ సాగుతుంది. తర్వాత వి ఆకారంలో గాడి తీసి 7018 రకం వెల్డింగ్ రాడ్లతో నింపారు. వాటికి తేమ పడదు, అందుకే వేడి చేశాకే వాడారు.

వెల్డింగ్ పైన బలానికి వేసే ఇనుప ప్లేటు దగ్గరే వాదన. ఆయన నలుచదరంగా కోశాడు. నేను డైమండ్ ఆకారమే కావాలని పట్టుబట్టాను. నలుచదరం ప్లేటైతే ఛాసిస్‌కి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగ్ పడుతుంది, ఒత్తిడంతా ఆ గీత మీదే పడి అక్కడే విరుగుతుంది. "సరే బాబూ, బండి నీది" అన్నాడు గానీ, చాలా శుభ్రంగా కోసిచ్చాడు. బోల్టులు బిగించినప్పుడు ఛాసిస్ నొక్కుకుపోకుండా లోపల బోల్టుల చుట్టూ స్లీవులూ (చిన్న గొట్టాలు) పెట్టించాను. ఆ సలహా ఇచ్చిన అన్నకి చాలా థాంక్స్.

నిన్న సెమిలిగూడ మీదుగా దేవమాలి కొండ ఎక్కాం, ఎత్తు 1,672 మీటర్లు. దిగాక టార్చి వేసి చూస్తే పెయింటు మీద వెంట్రుకంత గీత కూడా లేదు. బోల్టులు మాత్రం ఈ ఆదివారం మళ్లీ బిగించి చూస్తాను.