నల్గొండలో పాత ఇల్లు కొంటున్నాం, టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కులో లోపం బయటపడితే నష్టం కట్టే పాలసీ) తీసుకోవాలా?

నల్గొండలో 150 గజాల సెకండ్‌హ్యాండ్ ఇల్లు, 58 లక్షలకు మాట్లాడుకున్నాం. 2 లక్షలు బయానా ఇచ్చాం, రిజిస్ట్రేషన్‌కు ఇంకా 18 రోజులుంది.

1983 నుంచి ఉన్న ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల రికార్డు) తీశాను, క్లీన్‌గానే ఉంది. చిక్కంతా లింకు డాక్యుమెంట్లలో (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత కాగితాల్లో). 1987 సేల్ డీడ్‌లో చనిపోయిన పట్టాదారు ఇద్దరు కొడుకుల సంతకాలే ఉన్నాయి. ఒక బిడ్డ కూడా ఉందని పక్కింటి పెద్దాయన మాటల్లో చెప్పిండు, ఆమె సంతకం ఎక్కడా లేదు. వీలునామా, పంపకం కాగితం ఏదీ లేదు. వకీలు లీగల్ ఒపీనియన్‌లో అసలు ఈ ఊసే లేదు. బ్యాంకు లోన్ మాత్రం ఓకే చేసింది (వాళ్లకు కాగితాల కట్ట లావుగా ఉంటే చాలనుకుంటా).

రెండు ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో అడిగాను. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో టైటిల్ ఇన్సూరెన్స్ గురించి చెప్పే 16వ సెక్షన్ బిల్డర్ల ప్రాజెక్టులకే అన్నారు, విడి ఇంటికి రేటు కూడా చెప్పలేదు. పైగా ముందే తెలిసిన లోపానికి పాలసీ మామూలుగా వర్తించదట. అమ్మే ఆయన ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత నష్టమొస్తే తానే భరిస్తానన్న హామీ పత్రం) రాసిస్తానంటున్నాడు. రేపు ఆయనే దివాలా తీస్తే ఆ బాండ్ ఏం చేసుకోను?

విడి ఇంటికి టైటిల్ పాలసీ తీసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: ఇలాంటి వారసుల క్లెయిమ్‌కు అది పనికొస్తుందా, లేక ఆ బిడ్డను వెతికి రిలీజ్ డీడ్ (తన వాటా వదులుకున్నట్టు పత్రం) రాయించుకునేదాకా రిజిస్ట్రేషన్ ఆపాలా?