ఒకే ఛానెల్ కాలం నిజంగా అంత గొప్పదా? దూరదర్శన్ రోజులపై చర్చ

గోదారి గట్టు:
ఎనభైల నాటి దూరదర్శన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన ఈడువాళ్ళం తప్పకుండా అనే మాట ఒకటుంది: ఆ రోజుల్లో ఉన్నది ఒక్క ఛానెలే, అయినా చూడదగ్గవి ఉండేవి, ఇప్పుడు వందల ఛానెళ్ళున్నా చూడడానికి ఏమీ లేదు. ఇది వయసు పలికిస్తున్న మాటా, లేక ఇందులో నిజముందా అన్నది చర్చిద్దాం. నిజముందనే నా వాదన. నెహ్రూ చరిత్ర గ్రంథాన్ని శ్యామ్ బెనెగళ్ 1988లో ‘భారత్ ఏక్ ఖోజ్’ పేరుతో 53 భాగాల ధారావాహికగా తీసి ఇంటింటికీ చేర్చారు. ఈనాడు అటువంటి ప్రతిపాదనతో ఏ ఛానెల్ గడప తొక్కినా, రేటింగులు రావని చెప్పి మర్యాదగా సాగనంపుతారు. శుక్రవారం చిత్రలహరిలో వచ్చే కొద్దిపాటి పాటల కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. ఏ పాట వేస్తారో తెలియదు, నచ్చని పాటను దాటవేసే వీలూ లేదు. అందువల్లనే మనం పుట్టకముందు వచ్చిన నలుపు తెలుపు పాటలు సైతం మనకు కంఠతా వచ్చాయి. తనకు నచ్చినవే వరుసగా వినిపించే యంత్రం చేతిలో ఉన్న నేటి పిల్లలకు ఆ అవకాశం లేదు.

మూడోకన్ను:
గోదారి గట్టు గారు, ఆ ఒక్క ఛానెల్ ఎవరిదో కూడా చూడాలి కదా. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారంతో పాటు ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది. హైదరాబాదు కేంద్రం 1977 నుంచే పనిచేస్తున్నప్పటికీ దాని వాటాకు వచ్చినది సాయంత్రపు వేళ మాత్రమే: వార్తలు, పాడిపంటలు, ఒక నాటకమో లలిత సంగీతమో. రాత్రి జాతీయ కార్యక్రమం అందుకోగానే తెలుగు వినిపించడం ఆగిపోయేది.

1987 జనవరి 25న మొదలైన రామాయణం ధారావాహికను హిందీ ముక్క రాని మన పెద్దవాళ్ళు కూడా ఆసాంతం చూశారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ళకు అర్థమైనది అందులోని హిందీ కాదు. హరికథల్లోనూ, తోలుబొమ్మలాటల్లోనూ, మన పౌరాణిక చిత్రాల్లోనూ అప్పటికే వందసార్లు విన్న కథ. కొత్త కథలున్న ధారావాహికల సంగతికి వస్తే, బడిలో హిందీ చదివిన పిల్లవాడొకడు పక్కన కూర్చుని “ఇప్పుడు వాళ్ళ నాన్న వద్దంటున్నాడు, ఆవిడ ఏడుస్తోంది” అని చెప్పుకుంటూ రావలసి వచ్చేది. వాడు నిద్రపోతే కథ అక్కడితో సరి.

యాంటెన్నా:
మూడోకన్ను గారి మాటకు కొంత చేర్పు. హైదరాబాదు కార్యక్రమాలైనా అందరికీ అందేవని అనుకోవద్దు. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని ప్రయోగించాక, 1984లో కొన్ని నెలల పాటు దేశంలో దాదాపు రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు. చిన్న పట్టణాల్లో పెట్టిన తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లలో చాలావాటి పని, ఉపగ్రహం నుంచి ఢిల్లీ ప్రసారాన్ని అందుకుని చుట్టుపక్కల ఊళ్ళకు పంచడమే. కనుక చాలా చోట్లకు ముందు టీవీ వచ్చింది, తెలుగు తరువాత వచ్చింది. ఎలాగైనా హైదరాబాదును పట్టాలన్న పంతంతో ఎత్తైన ఇనుప గొట్టాలకు యాంటెన్నాలు కట్టి, బూస్టర్లు కొని, డాబా మీద ఒకరు గొట్టాన్ని తిప్పుతుంటే కిటికీ దగ్గర ఇంకొకరు, టీవీ ముందు మరొకరు నిలబడి “వచ్చింది, పోయింది, కొంచెం వెనక్కి” అంటూ కేకలు అందించుకునేవారు. ఇంతా చేసి బొమ్మ నిలిచాక ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న పలక ప్రత్యక్షమయ్యేది.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ (ఉపగ్రహం ద్వారా టీవీలో బోధన) ప్రయోగం కింద అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ ప్రసారాల భాషల్లో తెలుగు ఒకటి. అంటే పల్లెకు తెలుగులో ప్రసారం చేయడం అప్పటికే సాధ్యమని తేలింది. తరువాతి పదేళ్ళలో ఢిల్లీకి పెద్దపీట వేయడం సాంకేతిక అవసరం కాదు, ప్రభుత్వం కోరి చేసిన నిర్ణయం.

పెన్నా తీరం:
“అందరం కలిసి చూసేవాళ్ళం” అన్న మాట ఈ చర్చలో ఇంకా ఎవరూ అనలేదు కానీ, ఎలాగూ వస్తుంది కాబట్టి ముందుగానే నా అభ్యంతరం చెబుతున్నాను. ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో కలిసి చూడడమంటే కొందరు కుర్చీల్లో, కొందరు చాప మీద, కొందరు వసారాలో నేల మీద, మిగిలినవారు కిటికీ ఊచలు పట్టుకుని బయట. ఎవరు గడప దాటి లోనికి రావచ్చో, ఎవరు రాకూడదో టీవీ రాకముందే ఊరిలో నిర్ణయమై ఉంది. టీవీ దాన్ని మార్చలేదు. ఇంటివాళ్ళకు భోజనాల వేళ అయితే, కథ మంచి పట్టులో ఉన్నా సరే, టీవీ చెక్కపెట్టె తలుపులు మూసేవారు. కిటికీ దగ్గర నిలబడినవాళ్ళు మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు.

తరువాత వాయిదాల మీద చిన్న నలుపు తెలుపు టీవీలు వచ్చినప్పుడు, కిటికీ దగ్గరివాళ్ళు కడుపు కట్టుకుని ఒకటి కొనుక్కుని తమ ఇంట్లో తాము కూర్చున్నారు. ఆ సామూహిక వీక్షణం పోయిందని బాధపడేవారిలో నాకు తెలిసినంతవరకు కుర్చీలవాళ్ళే ఎక్కువ.

గోదారి గట్టు:
పెన్నా తీరం గారు చెప్పినదానికి జవాబు లేదు, ఉండకూడదు కూడా. అయితే ఛానెల్ ఒక్కటే ఉండాలని గానీ, అది ఢిల్లీదే కావాలని గానీ నా వాదన కాదు. లాభం కోసం కాకుండా ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ఒకటి ఉన్నప్పుడు, చరిత్ర, సాహిత్యం, శాస్త్రీయ సంగీతం, వ్యవసాయం వంటి విషయాలకు ప్రధాన వేళల్లో చోటు దొరికిందన్నది నా వాదన. తొంభైలలో సురభి కార్యక్రమం సంస్కృతి మీద ప్రశ్నలు అడిగితే, ప్రేక్షకులు బస్తాల కొద్దీ పోస్టుకార్డులు పంపారు. ప్రజలకు మంచి విషయాల మీద ఆసక్తి లేదనేవారు ఆ కార్డుల సంగతి ఏమంటారు?

రాత్రిబండి:
లాభం కోసం కాకుండా అన్న మాట దగ్గర ఆగుదాం. దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. 1984లో వచ్చిన తొలి పెద్ద ధారావాహిక ‘హమ్ లోగ్’ కుటుంబ నియంత్రణ వంటి సందేశాల కోసం ఉద్దేశించినదే అయినా, దానికి ప్రాయోజకులు నూడుల్స్ తయారుచేసే కంపెనీవారు. రామాయణం సమయంలో ప్రకటనలు ఇవ్వడానికి కంపెనీలు వరుస కట్టాయి. కాబట్టి ఆనాడు వ్యాపారం లేకపోలేదు, పోటీ లేదు. ఆ రెండింటికీ తేడా ఉంది.

పైగా, మీరు చెబుతున్న ఏడెనిమిది పేర్లు ఆ దశాబ్దం మొత్తాన్నీ వడకట్టగా మిగిలినవి. మంత్రుల శంకుస్థాపనలు, ఎప్పుడు చూసినా ఒకే తీరున సాగిన ప్రభుత్వ వార్తలు, ఉన్నట్టుండి కార్యక్రమాలన్నీ ఆపివేసి గంటల తరబడి వినిపించిన శోక సంగీతం ఎవరి జాబితాలోనూ కనబడవు. వాటినీ మనమే చూశాం, వేరే దారి లేక. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం తగదనీ సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. జెమిని, ఈటీవీ వచ్చినదీ ఆ ఏడాదే. పొద్దంతా తెలుగు వినిపించే టీవీ చూడడం తెలుగువాడికి అప్పుడే సాధ్యమైంది. ఇప్పటి ధారావాహికల మీద నాకూ గౌరవం లేదు, కానీ ఆ మార్పును నష్టాల ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను.

గోదారి గట్టు:
మరి 2020 మాటేమిటి? లాక్‌డౌన్ వేళ మార్చి 28 నుంచి రామాయణాన్ని తిరిగి ప్రసారం చేస్తే, ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. అప్పుడు చేతిలో రిమోట్ ఉంది, వందల ఛానెళ్ళున్నాయి. వేరే దారి లేక చూశారన్న వాదన అక్కడ చెల్లదు.

మూడోకన్ను:
షూటింగులు ఆగి, ఛానెళ్ళన్నీ పాత భాగాలే తిప్పి తిప్పి వేస్తున్న రోజులవి, కాబట్టి కొంత చెల్లుతుంది. ఆ మాట అలా ఉంచినా, రామాయణం ఏ కాలంలోనైనా జనం చూసే కథ. దాని విజయాన్ని తెచ్చి ‘భారత్ ఏక్ ఖోజ్’ ఖాతాలో వేయలేము. ఆ 53 భాగాలూ నేడు అంతర్జాలంలో దొరుకుతున్నాయి. ప్రకటనల బెడద లేదు, యాంటెన్నా తిప్పే పని లేదు, ఆదివారం దాకా ఆగనక్కరలేదు. గోదారి గట్టు గారు గడిచిన పదేళ్ళలో వాటిలో ఎన్ని భాగాలు చూశారో చెబితే, ఈ చర్చను అక్కడి నుంచి కొనసాగించవచ్చు.