బల్లార్షాలో ఉండి, ఎక్కడా నేర్చుకోకుండా, సొంత సినిమాలతో నిలబడొచ్చా? (మేకాస్ దారి గురించి)

వర్ధా ఒడ్డు:
సొంత జీవితాన్నే డైరీలా సినిమాలుగా తీసిన జోనాస్ మేకాస్ గురించి తెలిసిన అన్నలకు ఒక ప్రశ్న. యుద్ధం తరిమితే లిథువేనియా విడిచి, 1949లో న్యూయార్క్‌లో దిగిన మనిషి. సినిమా ఎక్కువగా తనంతట తానే నేర్చుకున్నాడు. దిగిన కొన్నాళ్ళకే అప్పు చేసి బోలెక్స్ 16 ఎం.ఎం. కెమెరా కొన్నాడు, 2019లో పోయేదాకా పని ఆపలేదు. ఇక్కడ, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో, పేపర్ మిల్లుకు, బొగ్గుబాయిలకు పని కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల మీద 75 నిమిషాల సినిమా ప్లాన్ ఉంది. మాటలు తెలుగు, మరాఠీ కలిసే ఉంటాయి. ఒక మంచి ఫోన్, ఐదుగురు దోస్తులు, 12 రోజుల షూటింగ్. మేకాస్ లాంటి మనిషి అన్నేళ్ళు ఎలా నిలబడ్డాడు? ఉన్న కొద్ది డబ్బు ముందు దేని మీద పెట్టాలి? హాల్లో వేయాలంటే ఏం కావాలి?

రాజురా రీలు:
తమ్మీ, మేకాస్ అనగానే అందరూ ఆ కెమెరా గురించే మాట్లాడతారు. ఆయన్ని నిలబెట్టింది కెమెరా కాదు. 1954లో తమ్ముడితో కలిసి ‘ఫిల్మ్ కల్చర్’ పత్రిక పెట్టాడు. 1958 నుంచి ‘విలేజ్ వాయిస్’ వారపత్రికలో సినిమా కాలమ్ రాశాడు. 1962లో తోటివాళ్ళతో కలిసి ఫిల్మ్‌మేకర్స్ కోఆపరేటివ్ పెట్టాడు. పంపిణీదారులు ముట్టని సినిమాలను ఆ సంఘం కాలేజీలకు, క్లబ్బులకు అద్దెకిచ్చేది. ఇది బాగుంది, అది బాగాలేదని ఏరివేత లేదు. అద్దెలో పెద్ద వాటా తీసినవాళ్ళదే. 1970లో, ఇలాంటి సినిమాలను దాచి చూపించే ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్ మొదలైంది. తీయడం, రాయడం, చూపించడం, దాచడం అన్నీ కలిస్తేనే ఆ జీవితం. ఒక్క తీయడమే అయితే రెండో సినిమాకే ఆగిపోయేది.

ఇంకో సంగతి. బోలెక్స్‌ది స్ప్రింగ్ మోటారు. కీ తిప్పితే అర నిమిషం కూడా నడవదు. 100 అడుగుల రీలు 24 ఫ్రేముల వేగంతో దాదాపు 2 నిమిషాల 45 సెకన్లకు అయిపోతుంది. చేతిలో ఉన్న పనిముట్టు అంతే ఇస్తుంది కాబట్టి ముక్కలు ముక్కలుగా తీశాడు, గొంతు తర్వాత కలిపాడు. అదే ఆయన శైలి అయింది. 1949 నుంచి తీసిన రీళ్ళతో కూర్చిన సినిమా ఒకటి 1976లో గాని బయటికి రాలేదు. అన్నేళ్ళు ఆ డబ్బాలను కాపాడుకున్నాడు, ఆలోచించు.

మన దేశంలో దీనికి దగ్గరి దారి కేరళలో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, మిత్రులు 1984లో పెట్టిన ఒడెస్సా కలెక్టివ్ అనే సంఘం. ఊరూరా సినిమాలు వేసి, జనం దగ్గర చందాలు ఎత్తి సినిమా తీశారు. నీకైతే రైలు లైనే ఉంది. బల్లార్షాలో ఎక్కితే కాగజ్‌నగర్, మంచిర్యాల. కాగజ్‌నగర్ కూడా పేపర్ మిల్లు ఊరే, ఈ కథ అక్కడివాళ్ళకు వివరించి చెప్పక్కర్లేదు. మొదటి ప్రదర్శనలు అక్కడే పెట్టు.

సిరొంచ సౌండు:
డబ్బు ముందు సౌండ్‌కే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తరు, మాట వినబడకపోతే పది నిమిషాల్లో లేచిపోతరు.

32 బిట్ ఫ్లోట్ రికార్డర్ దొరికితే మంచిది, అరుపు వచ్చినా పగలదు. 24 బిట్‌దైతే గట్టి మాట రికార్డర్ మీటర్ మీద మైనస్ 12 డీబీ దగ్గర ఆగేటట్టు లెవెల్ పెట్టాలి. ఏదైనా సాంపుల్ రేట్ 48 కిలోహెర్ట్జ్‌లోనే. బూమ్ మైక్ (కర్రకు కట్టి తల మీద పట్టుకునేది) నోటికి అడుగున్నర, రెండడుగుల దూరంలోనే ఉండాలి, అంతకన్నా పోతే గది మోగుడు ఎక్కువైతది. సున్నాలేసేవాళ్ళ పొడుగు రాడ్‌కు మైక్ కట్టినా పని నడుస్తది. కాలర్ మైక్ సిల్కు, పాలిస్టర్ చీరల మీద బరబరమంటది. మెడికల్ టేప్‌ను జిగురు బయటికి వచ్చేటట్టు మడిచి, మైక్‌కు రెండు వైపులా పెట్టి, బట్టకూ ఒంటికీ కదలకుండా అతికించాలి.

మన దగ్గర అసలు శత్రువు కూలర్. మేలో చంద్రపూర్ వైపు 45 డిగ్రీలు దాటుతది, ఇంటింటికీ కూలర్ తిరుగుతనే ఉంటది. మీ ఇంట్ల బంద్ చేసినా పక్కింటిది వినబడతది. ఆ మోత మగ గొంతు కింది భాగంలోనే కూర్చుంటది కాబట్టి ఎడిటింగ్‌లో గట్టిగా తీసేస్తే మాట డబ్బాలో నుంచి వచ్చినట్టయితది. 80 హెర్ట్జ్ లో-కట్ (దానికన్నా కింది చప్పుడును కోసేది) కొంతవరకే. ఇంటి సీన్లు నవంబర్–ఫిబ్రవరి మధ్య పెట్టుకో. ఉత్త గోడల గదిలో కెమెరాకు కనబడని రెండు గోడలకు బొంతలు వేలాడదీయి. ప్రతి చోటా అందరినీ ఉన్నచోటనే నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ చప్పుడు రికార్డ్ చెయ్యి. అది లేకపోతే కట్ కట్‌కు గది మారినట్టు వినబడతది.

వర్ధా ఒడ్డు:
అన్నా, టెస్ట్ షాట్‌లో ఎనిమిది నిమిషాల తర్వాత పెదవికీ మాటకూ కుదరడం లేదు. ఫోన్ బొమ్మనూ రికార్డర్ సౌండునూ మొదట్లో కొట్టిన చప్పట్ల దగ్గర సరిగ్గానే కలిపాను.

సిరొంచ సౌండు:
అది ఫోన్ సొంత కెమెరా యాప్ చేసే పని. వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటది, రికార్డర్ మార్చుకోదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. అందులో 24 ఫ్రేములు, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ (రంగు), వెలుతురు అంటే ఎక్స్‌పోజర్ లాక్. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 అయితే ట్యూబ్‌లైట్ కింద చారలు రావు, 1/60 పెడితే వస్తయి. ఇప్పటికే తీసింది ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో స్థిర ఫ్రేమ్ రేట్‌కు మార్చుకున్నాకే ఎడిటింగ్‌లో పెట్టు. ఎండలో ఫోన్ వేడెక్కి ఆగిపోతే కవర్ తీసి నీడలో పెట్టు. ఐస్ మీద పెట్టకు, లోపల తేమ పడుతది.

చందా గల్లీ:
దాచడం గురించి లెక్క చెబుతా. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో గంటకు 45 జీబీ. 75 నిమిషాల సినిమాకు పది రెట్లు తీశావనుకుంటే పన్నెండున్నర గంటలు, దాదాపు 560 జీబీ. ఒక టీబీ డిస్కులు మూడు కొను. రెండు నీ దగ్గర, మూడోది వేరే ఇంట్లో. రెండు కాపీలు తెరిచి చూసేదాకా కార్డ్ గానీ ఫోన్ గానీ చెరపొద్దు. డిస్కును ఎజెక్ట్ కొట్టకుండా లాగితే ఫైళ్ళు పాడైపోవచ్చు.

జనానికి చూపించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. దరఖాస్తు సెన్సార్ బోర్డు వెబ్‌సైట్ ఈ-సినీప్రమాణ్‌లో ఆన్‌లైన్. 2023 సవరణ తర్వాత యూఏలో (పిల్లలు పెద్దల సలహాతో చూసే రకం) 7+, 13+, 16+ అని మూడు రకాలు. సర్టిఫికెట్‌కు పాత పదేళ్ళ గడువు ఇక లేదు. మీ కథలో బీడీలు తప్పవు కాబట్టి ఆ సీన్లలో తెర మీద హెచ్చరిక, సినిమా మొదట్లో, మధ్యలో పొగాకు ప్రకటనలు పెట్టాలి. వాటికి చోటు ఎడిటింగ్‌లోనే ఉంచుకో. ఎద్దులో మేకలో నటిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి, తర్వాత తెస్తామంటే కుదరదు. భూగర్భ గని లోపలికి ఫోన్ తీసుకుపోయే మాటే వద్దు. మీథేన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. షిఫ్ట్ దిగి వచ్చే మనుషుల్ని గేటు బయట రోడ్డు మీద తీయి, ఆ మొహాల మీది బొగ్గే చెబుతుంది. కెమెరా ముందు మాట్లాడిన ప్రతి ఒక్కరి సంతకం వాళ్ళకు వచ్చిన భాషలో రాసిన కాగితం మీద తీసుకో. సంగీతం చేసినవాళ్ళతో హక్కుల కాగితం వేరే రాయించుకో.

హాలుకు డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్ ఆడించే డిజిటల్ ఫైళ్ళ మూట) కావాలి. డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫ్లాట్ (1.85:1 ఆకారం) అయితే 1998×1080. మాటలు మధ్య స్పీకర్‌కు పంపు. స్టీరియో అలాగే వదిలేస్తే పక్క సీట్లవాళ్ళకు మాట ఒక వైపు నుంచే వస్తుంది. తెలుగు సబ్‌టైటిల్ వేస్తే బొమ్మలోనే కలిపేసెయ్, విడిగా ఇస్తే కొన్ని హాలు సర్వర్లలో (సినిమా ఆడించే కంప్యూటర్లలో) ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. డిస్క్ లినక్స్ పద్ధతి ఈఎక్స్‌టీ2లో ఫార్మాట్ చెయ్. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ పద్ధతి) డిస్కును కొన్ని సర్వర్లు గుర్తుపట్టవు. ప్రదర్శనకు రెండు రోజుల ముందే డిస్క్ హాలుకు ఇచ్చి, పొద్దున షో మొదలుకాకముందు ఐదు నిమిషాలు వేయించి, చివరి వరుసలో కూర్చుని విను.